అంకెలతో అల్లిన హారాలు

రెండు సంఖ్యలను గుణిస్తే వచ్చే లబ్ధం ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండాలి. లేదా ఒకే అంకె పూసలు గుచ్చినట్టు వరుసగా నిలవాలి. అలా కుదిరే జంటలను వెతికి పట్టుకుని, వాటితోనే విద్యార్థి చేత గుణకారం చేయించడం భారతీయ గణితంలో వెయ్యేళ్లు దాటిన ఆచారం. 139ని 109తో గుణిస్తే 15151 వస్తుంది. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వస్తాయి. ఇలాంటి లబ్ధాలను పాతకాలపు గణితకారులు కంఠాభరణాలన్నారు, రాజు మెడలో వేయదగిన హారాలన్నారు. ఇవి ఒకటీ అరా కాకుండా గుత్తగా కనిపించే ప్రసిద్ధ గ్రంథం మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. దాని కాలం సుమారు క్రీ.శ. 850.

మహావీరుడు జైనుడు, కన్నడ దేశంవాడు. గ్రంథారంభంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుణ్ణి పొగిడాడు. తొమ్మిదో శతాబ్దిలో అరవై ఏళ్లకు పైగా ఏలిన ఆ రాజు రాజధాని మాన్యఖేటం. నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడ్ అదే. ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు గణితాన్ని జ్యోతిషసిద్ధాంతంలో కొన్ని అధ్యాయాలుగా చెప్పారు. మహావీరుడు ఆ కట్టుబాటు నుంచి బయటికి వచ్చాడు. గ్రహాల ఊసు లేకుండా, కేవలం లెక్కల కోసం తొమ్మిది అధ్యాయాల్లో పదకొండు వందలకు పైగా శ్లోకాలు రాశాడు. వడ్డీ, బంగారం వన్నె, భాగస్తుల వాటాలు, పొలాల వైశాల్యం, గోతుల ఘనపరిమాణం, నీడల కొలతలు అన్నీ అందులో ఉన్నాయి.

ఆ గ్రంథంలో పరికర్మలు, అంటే మూల ప్రక్రియలు ఎనిమిది. మొదటిది గుణకారం. కూడిక, తీసివేత తెలియనివాడు పుస్తకం దాకా రాడన్న ఉద్దేశంతో కాబోలు, వాటిని విడిగా చెప్పలేదు. గుణకారం తర్వాత భాగహారం, వర్గం, వర్గమూలం, ఘనం, ఘనమూలం వరుసగా వస్తాయి. చివరి రెండూ శ్రేఢులకు సంబంధించినవి. హారాలు కనిపించేది ఈ మొదటి మెట్టు మీదే. పుస్తకం చివర వినోదం కోసం తగిలించిన చమత్కారాలు కావవి. విద్యార్థి చేసే తొలి అభ్యాసాలు.

ఆ అభ్యాసం ఎలా సాగేదో తెలిస్తేనే హారం ఎందుకో అర్థమవుతుంది. శ్లోకంలో అంకెలను నేరుగా చెప్పడం కష్టం, ఛందస్సు ఒప్పుకోదు. అందుకని భూతసంఖ్యలు వాడేవారు. చంద్రుడు అంటే ఒకటి, కన్నులు అంటే రెండు, అగ్నులు అంటే మూడు, బాణాలు అంటే అయిదు, ఋతువులు అంటే ఆరు. చంద్రుడికి శశి, ఇందువు, సోముడు అని ఎన్ని పర్యాయపదాలున్నాయో ఒకటికీ అన్ని పేర్లు. గణానికి ఏది సరిపోతే అది. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు పేర్చుకుంటూ పోవాలి. విద్యార్థి ముందు శ్లోకాన్ని విప్పుకుని సంఖ్యను రాబట్టాలి, తర్వాతే గుణకారం. స్థానాల పేర్లు కూడా నోటికి రావాలి. మహావీరుడు ఏకం మొదలుకొని మహాక్షోభం దాకా ఇరవై నాలుగు స్థానాలు చెప్పాడు. చివరిదాని విలువ ఒకటి పక్కన ఇరవై మూడు సున్నలు.

గుణకారం జరిగేది పాటి మీద. పలక మీద సన్నటి దుమ్ము పరిచి వేలితోనో పుల్లతోనో అంకెలు వేసేవారు. ఈ గణితానికి పాటీగణితం అన్న పేరు అందుకే వచ్చింది. కపాటసంధి అనే పద్ధతిలో గుణ్యాన్నీ గుణకాన్నీ తలుపు రెక్కల అతుకులా కిందా మీదా అమర్చి, ఒక్కో అంకెతో గుణించిన కొద్దీ గుణకాన్ని ఒక స్థానం జరుపుతూ పోవాలి. పని అయిపోయిన అంకెను చెరిపి ఆ చోట లబ్ధంలోని అంకె వేస్తారు. చోటు కలిసివచ్చే పద్ధతే గానీ ఇందులో ఒక చిక్కు ఉంది. లెక్క ముగిసేసరికి నడిమి మెట్లన్నీ చెరిగిపోయి, పలక మీద లబ్ధం ఒక్కటే మిగులుతుంది. ఎక్కడ తప్పు దొర్లిందో వెనక్కి వెళ్లి చూసుకునే వీలు లేదు.

హారం పనికొచ్చేది అక్కడే. లబ్ధం 11111111 రావాల్సినచోట 11121111 వస్తే తప్పు జరిగిందని విద్యార్థికి ఎవరూ చెప్పనక్కరలేదు. గురువు కూడా పదిమంది పలకలను ఒక్క చూపుతో దిద్దవచ్చు. తాటాకుల మీద ప్రతి రాసే లేఖకులకూ ఇదే మేలు: గుణ్యంలో ఒక అంకె మారితే హారం తెగిపోతుంది కాబట్టి, తర్వాతి పాఠకుడు గుణించి చూసి సరిచేసుకోగలడు. మహావీరుడు ఈ ప్రయోజనాన్ని ఎక్కడా చెప్పలేదు. ఆయన శ్లోకాల్లో కనిపించేది అందం పట్ల ఇష్టమే. అయినా చెరిపివేసే పలక మీద లెక్క నేర్పిన కాలంలో ఈ సొగసు ఉత్త సొగసుగా ఉండిపోయిందని నమ్మడం కష్టం.

ఇక హారాల లోపలి అల్లిక. మహావీరుడి జంటల్లో అన్నిటికన్నా గంభీరమైనది 27994681, 441. వీటి లబ్ధం 12345654321. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్లీ ఒకటి దాకా దిగే సంఖ్య అది. ఇది 111111 అనే ఆరు ఒకట్ల సంఖ్యకు వర్గం. ఆరు ఒకట్లను ఆరు ఒకట్లతో గుణించేటప్పుడు ఆరు వరుసలు ఒక్కో స్థానం జరుగుతూ పడతాయి; నిలువుగా కూడితే మొదటి గడిలో ఒక ఒకటి, రెండో గడిలో రెండు, నడిమి గడిలో ఆరు, ఆపైన మళ్లీ తగ్గుముఖం. అందుకే ఆ ఆకారం. ఇంతవరకు ఎవరికైనా తోచవచ్చు. కానీ మహావీరుడు 111111ను దానితోనే గుణించమనలేదు. 111111 యొక్క ప్రధాన కారణాంకాలు 3, 7, 11, 13, 37. వీటిలో 3, 7లను ఒక పక్కన ఉంచితే 21. మిగతా మూడింటి లబ్ధం 5291. 21కి వర్గం 441, 5291కి వర్గం 27994681. అంటే గుణ్యమూ వర్గమే, గుణకమూ వర్గమే, లబ్ధమూ వర్గమే. చూపుకి ఏ పొంతనా లేని రెండు సంఖ్యలను ఇచ్చి, వాటి నుంచి మెట్లు మెట్లుగా ఉన్న హారాన్ని రప్పించడానికి ఎంచుకున్న విభజన ఇది. కారణాంకాలు తెలియకుండా ఈ జంట చేతికి చిక్కదు.

మరో జంట 152207, 73. లబ్ధం ఎనిమిది ఒకట్లు. 11111111 యొక్క కారణాంకాలు 11, 73, 101, 137. నాలుగూ ప్రధాన సంఖ్యలు. 73ను విడదీసి మిగతావాటిని గుణిస్తే 152207. పదకొండును, నూటొకటిని కనిపెట్టడం తేలిక. ఒకట్ల వరుసను రెండేసిగా, నాలుగేసిగా విడగొడితే అవే బయటపడతాయి. ఎనిమిది ఒకట్లలో నాలుగు ఒకట్ల సంఖ్య 1111 కారణాంకంగా ఉంటుంది. దానితో భాగిస్తే 10001 మిగులుతుంది. ఆ 10001 ప్రధాన సంఖ్యలాగే కనిపిస్తుంది. కాదు, అది 73, 137ల లబ్ధం. తొమ్మిదో శతాబ్దిలో ఎవరో కూర్చుని 10001ని ఓపికగా భాగించి చూశారన్నమాట.

12345679, 9ల జంట ఈనాటికీ బడిపిల్లల నోట్లో ఉంది. ఇష్టమైన అంకె అడిగి, దాన్ని తొమ్మిదితో గుణించి, వచ్చినదానితో 12345679ను గుణించమంటారు. ఏడు చెప్పినవాడికి 63తో గుణిస్తే తొమ్మిది ఏడ్లు వస్తాయి. గుణ్యంలో ఎనిమిది ఎందుకు లేదన్నది మాత్రం చాలామంది అడగరు. తొమ్మిది ఒకట్లను 9తో భాగించి చూస్తే జవాబు దొరుకుతుంది. 11లో 9 ఒకసారి పోయి శేషం 2. పక్క ఒకటి దించితే 21, అందులో రెండుసార్లు పోయి శేషం 3. తర్వాత 31, 41, 51. ప్రతిసారీ భాగఫలంలోని అంకె ఒకటి పెరుగుతుంది, శేషమూ ఒకటి పెరుగుతుంది. 71లో ఏడుసార్లు పోయి శేషం 8. ఆఖరి ఒకటి దించితే 81. అందులో 9 ఎనిమిదిసార్లు పోయి ఆగదు, తొమ్మిదిసార్లు నిశ్శేషంగా పోతుంది. అలా ఎనిమిది తప్పుకుని తొమ్మిది వచ్చి కూర్చుంది.

తక్కిన హారాలు ఇంత లోతైనవి కావు గానీ అందానికి తీసిపోవు. 142857143ని 7తో గుణిస్తే 1000000001: రెండు చివరలా ఒకట్లు, నడుమ ఎనిమిది సున్నలు. 11011011ని 91తో గుణిస్తే 1002002001. 333333666667ని 33తో గుణిస్తే 11000011000011. జంట ఒకట్ల మధ్య నాలుగేసి సున్నలు ఎడం పాటించిన తీరు చూస్తే దీన్ని రాజకంఠిక అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

అన్నిటికన్నా చిన్నదైన 15151 మాత్రం వేరే జాతి. పైన చెప్పినవన్నీ ఒకట్ల సంఖ్యలతోనో, పది ఘాతాలతోనో ముడిపడినవి. వాటి కారణాంకాలకు దారి చూపే సూత్రం ఉంది. 15151కి అలాంటి బంధుత్వం లేదు. 109, 139 రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఈ హారాన్ని విడదీయడానికి మరో మార్గమూ లేదు. మహావీరుడు దీన్ని ఎలా పట్టుకున్నాడో గ్రంథంలో లేదు. అయితే ఐదు వందల ఏళ్ల తర్వాత, 1356లో నారాయణ పండితుడు గణితకౌముదిలో కారణాంకాలు కనుక్కునే ఒక పద్ధతి చెప్పాడు. ఇచ్చిన సంఖ్యకు పైన ఉన్న మొదటి వర్గాన్ని తీసుకుని, తేడా కూడా వర్గమేనా అని చూడాలి. కాకపోతే తర్వాతి వర్గానికి వెళ్లాలి. 15151కి పైన ఉన్న మొదటి వర్గం 124ది, అంటే 15376. తేడా 225, అది 15కి వర్గం. కనుక 124కి 15 కలిపితే 139, తీసివేస్తే 109. మొదటి అడుగులోనే పని అయిపోయింది. ఈ పద్ధతి ఐరోపాలో ఫెర్మా పేరు మీద చెలామణీ అవుతోంది. ఆయన పదిహేడో శతాబ్దివాడు.

మహావీరుడి గ్రంథం దక్షిణాదిన బాగా వ్యాపించింది. తెలుగులోకి దాన్ని తెచ్చినవాడు పావులూరి మల్లన. గ్రంథం పేరు సారసంగ్రహ గణితము. జనం నోట పావులూరి గణితం. పావులూరు కమ్మనాటి ఊరు. రాజమహేంద్రవరం నుంచి ఏలిన తూర్పు చాళుక్యుడు రాజరాజనరేంద్రుడి నుంచి పిఠాపురం దగ్గరి నవఖండవాడను అగ్రహారంగా పొందింది ఈ కవేనని కొందరంటారు. కాదు, ఆ గ్రహీత కవికి తాత అని మరికొందరు. మొదటి మాట నిజమైతే మల్లన నన్నయకు సమకాలికుడు. రెండోదైతే పన్నెండో శతాబ్ది మొదటి భాగంవాడు. ఎటు చూసినా తెలుగులో శాస్త్రగ్రంథాలకు ఇదే తొలి మెట్టు. భారతాన్ని తెనిగించిన కాలంలోనో, దానికి రెండు తరాల తర్వాతో, గుణకార భాగహారాలు కూడా తెలుగు పద్యంలోకి వచ్చాయన్న సంగతి సాహిత్య చరిత్రల్లో ఒక పేరాకు మించి చోటు సంపాదించుకోలేదు. అది అన్యాయమే.

మల్లన మక్కికి మక్కి అనువదించలేదు. మూలంలోని జైన ప్రసక్తులు తీసి శివుణ్ణి నిలిపాడు. కొలతలు, తూనికలు తెలుగు నేల మీద వాడుకలో ఉన్నవాటికి మార్చాడు. వర్గం కట్టడానికి, ఘనం కట్టడానికి మహావీరుడు చెప్పిన పలు పద్ధతుల్లో ఒక్కొక్కటే ఉంచుకుని తక్కినవి వదిలేశాడు. సామాన్యుడికి ఏది అవసరమో తూచి చూసిన ఉపాధ్యాయుడి నిర్ణయం అది. అలా కుదించుకుంటూ వచ్చినవాడు హారాల దగ్గర మాత్రం ధారాళం చూపాడు. గుణకారంలోనూ వర్గంలోనూ మూలంలో లేని ఉదాహరణలు ఎన్నో చేర్చాడు. అంకెలు ఒక క్రమంలో వరసకట్టే లబ్ధాల మీద ఆయనకు మహావీరుడికన్నా మోజు ఎక్కువ. పద్ధతులు తగ్గించి, అభ్యాసాలు పెంచి, ఆ అభ్యాసాలను కంటికి ఇంపుగా తీర్చిన పాఠ్యపుస్తకం తయారైంది.

పద్యంలో లెక్క చెప్పడం తెలుగులో మరీ కష్టం. కందపద్యంలో యతి కుదరాలి, ప్రాస కుదరాలి, గణాలు సరిపోవాలి, వీటన్నిటి మధ్యా పది పన్నెండు అంకెల సంఖ్య ఒక్క అంకె తప్పకుండా ఇమడాలి. భూతసంఖ్యలు లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. లెక్క తెలిసిన కవి కావాలి, లేదా పద్యం తెలిసిన లెక్కల పంతులు కావాలి. మల్లన రెండూ.

అయితే మల్లన తర్వాతి శతాబ్దాల్లో తెలుగు ఊళ్లలో సాగిన లెక్క వేరు. కరణం కవిలెలో హారాలకు చోటు లేదు. అక్కడ కావలసింది పుట్టి, తూము, కుంచం. ఇరవై తూములు పుట్టి, నాలుగు కుంచాలు తూము. భిన్నాలు కూడా పదుల్లో కాక నాలుగుల్లో నడిచేవి: కాలు, అర, ముక్కాలు, వాటిలో మళ్లీ కాలు. ఈ నాలుగుల భిన్నాలకు ప్రత్యేకమైన గుర్తులే ఉండేవి. పూర్ణాంకాలు పదుల పద్ధతిలో, భిన్నాలు నాలుగుల పద్ధతిలో రాసే ఈ కవిలె లెక్కలో హారం పుట్టదు. హారానికి మూలం పది. స్థానం ఒకటి జరిగితే విలువ పదింతలవుతుందన్న ఏర్పాటు నుంచే ఆ సౌష్ఠవం వస్తుంది. వేరే ఆధారం మీద రాస్తే 15151 మామూలు సంఖ్య అయిపోతుంది.

ఈ కారణంగానే కొందరు గణితజ్ఞులు ఇలాంటి వాటిని చిన్నచూపు చూస్తారు. సంఖ్య స్వభావం వేరు, దాన్ని రాసే తీరు వేరు, హారం రెండోదానికి చెందినదని వారి వాదం. ఆ మాట సగమే నిజం. 7కి గానీ 13కి గానీ ఒకట్ల వరుసతో ఉన్న సంబంధం రాతలో కనిపించినా, దాని వెనక శేషాల ధర్మం ఉంది. 2తో గానీ 5తో గానీ భాగింపబడని ఏ సంఖ్యనైనా తీసుకుంటే, దానికి గుణిజమైన ఒకట్ల వరుస ఒకటి తప్పకుండా ఉంటుంది. 7ను 15873తో గుణిస్తే ఆరు ఒకట్లు. 13ను 8547తో గుణించినా ఆరే. 17కు పదహారు ఒకట్లు కావాలి, గుణ్యం 65359477124183. ఎందుకంటే 1, 11, 111, 1111 అంటూ పోతూ ఒక్కోదాన్ని 17తో భాగిస్తే రాగల శేషాలు పదిహేడే. పద్దెనిమిదో వరుసకు చేరేలోగా ఏదో ఒక శేషం రెండోసారి రాక తప్పదు. ఒకే శేషం వచ్చిన రెండు వరుసల తేడా 17తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఆ తేడా ఒకట్ల వెనక సున్నలున్న సంఖ్య. సున్నలు తీసేస్తే హారం సిద్ధం. కనుక మహావీరుడు ఇచ్చిన జంటలు కొన్నే అయినా, చేయగలిగినవి అనంతం.

ఐరోపాలో ఇదే సంగతి మరో వైపు నుంచి, ఆవర్తన దశాంశాల రూపంలో, బయటపడింది. 1ని 7తో భాగిస్తే 142857 అనే ఆరు అంకెలు అంతులేకుండా తిరిగి తిరిగి వస్తాయి. 73తో భాగిస్తే ఎనిమిది అంకెల వలయం: 01369863. మహావీరుడి 152207ను 9తో గుణించి చూస్తే సరిగ్గా 1369863 వస్తుంది. 81తో భాగిస్తే వచ్చే వలయం 012345679, అంటే ఎనిమిది లేని ఆ పాత గుణ్యమే. దశాంశ బిందువు లేని కాలంలో మన గ్రంథాల్లో పూర్ణాంకాలుగా కనిపించినవే దశాంశాలుగా అక్కడ మళ్లీ పుట్టాయి. ఒక ప్రధాన సంఖ్యకు వలయం ఎంత పొడవుంటుందన్న ప్రశ్నను గౌస్ 1801లో అచ్చయిన తన సంఖ్యాసిద్ధాంత గ్రంథంలో సిద్ధాంతస్థాయికి తీసుకెళ్లాడు. పై (π) విలువను 707 స్థానాల దాకా చేత్తో లెక్కగట్టిన ఇంగ్లండు ఉపాధ్యాయుడు విలియం షాంక్స్, 1870లలో వేలాది ప్రధాన సంఖ్యలకు ఈ వలయాల పొడవులు కూడా లెక్కవేశాడు. ఆ π విలువలో 528వ స్థానం నుంచి తప్పులు దొర్లాయని చాలా ఏళ్లకు తేలింది. దాన్ని పట్టించే హారం π కి లేదు మరి.

గణితసారసంగ్రహం ఆధునిక పాఠకులకు అందింది 1912లో. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు ఎం. రంగాచార్య తాళపత్ర ప్రతులను పోల్చి సంస్కృత మూలాన్ని ఆంగ్లానువాదంతో సిద్ధం చేయగా మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు, భాస్కరుల గురించి అప్పటికే ఎరిగిన ప్రపంచానికి, బ్రహ్మగుప్తుడికీ భాస్కరుడికీ నడుమ దక్షిణాదిన ఇంత పెద్ద గణితగ్రంథం ఉందని అప్పుడు తెలిసింది.

ఆ తరువాత ఈ ఆచారాన్ని మళ్లీ బతికించినవాడు మహారాష్ట్రకు చెందిన బడిపంతులు దత్తాత్రేయ రామచంద్ర కప్రేకర్. 1905లో దహాణులో పుట్టి, పుణె ఫెర్గుసన్ కళాశాలలో చదివి, 1930 నుంచి 1962 దాకా నాసిక్ దగ్గరి దేవళాలీలో పాఠాలు చెప్పాడు. పరిశోధన పట్టాలు లేవు, విశ్వవిద్యాలయంలో పదవి లేదు. కనుగొన్నవాటిని చిన్న చిన్న పుస్తకాలుగా సొంత ఖర్చుతో అచ్చువేసుకునేవాడు. పండితులు పెద్దగా పట్టించుకోలేదు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ ఒక అమెరికన్ పత్రికలో రాసిన తర్వాత లోకం కప్రేకర్ వైపు తిరిగింది. 1986లో ఆయన మరణించాడు.

కప్రేకర్ పేరు వినగానే గుర్తొచ్చేది 6174. అన్నీ ఒకటే కాని నాలుగు అంకెలను పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి పేర్చి తీసివేస్తూ పోతే ఏడు మెట్లు దాటకుండా 6174 దగ్గర ఆగుతుంది. 3524తో మొదలుపెడితే 3087, 8352, 6174, మూడు మెట్లే. కానీ హారాల చరిత్రకు కావలసింది ఆయన డెమ్లో సంఖ్యలు. బొంబాయి దగ్గర, నేడు డోంబివలి అని పిలిచే డెమ్లో రైల్వే స్టేషన్లో ఆలోచన తట్టిందని ఆ ఊరి పేరే వాటికి పెట్టాడు. 2553 అలాంటిది: రెండు చివరలా ఉన్న అంకెలు 2, 3 కలిపితే నడుమ వరుసగా ఉన్న 5 వస్తుంది. ఒకట్ల సంఖ్యల వర్గాలైన 121, 12321, 1234321 వరుసను అద్భుత డెమ్లో సంఖ్యలన్నాడు. ఆ వరుసలో ఆరు ఒకట్లకు వచ్చేది 12345654321. మహావీరుడు రాష్ట్రకూటుల కాలంలో 441తో గుణించి రప్పించిన హారం, పదకొండు వందల ఏళ్ల తర్వాత ఒక రైల్వే స్టేషన్ పేరుతో తిరిగి వచ్చింది. ఈ వరుస తొమ్మిది ఒకట్ల దాకా చెక్కుచెదరదు: 12345678987654321. పది ఒకట్ల దగ్గర నడిమి గడిలో పది పడి, చేతికి ఒకటి మిగిలి, క్రమం చెదిరిపోయి 1234567900987654321 అవుతుంది.

కేవలం ఒకట్లతో ఏర్పడిన సంఖ్యలకు 1960లలో రెప్‌యూనిట్లు అన్న పేరు స్థిరపడింది. వీటిలో ప్రధాన సంఖ్యలు ఏవన్నది ఇప్పటి ప్రశ్న. ఒకట్ల లెక్క తాను ప్రధాన సంఖ్య కాకపోతే ఆ హారం తప్పకుండా విడిపోతుంది. ఎనిమిది ఒకట్లలో 11, 1111 దాగి ఉన్నది అందుకే. ఒకట్ల లెక్క ప్రధానమైనంత మాత్రాన చాలదు. ఏడు ఒకట్లు 239, 4649ల లబ్ధం. పదిహేడు ఒకట్లు 2071723, 5363222357ల లబ్ధం. 11 తర్వాత విడదీయరాని హారం పందొమ్మిది ఒకట్లది, ఆ తర్వాత ఇరవై మూడు ఒకట్లది. ఈ రెండూ ప్రధాన సంఖ్యలని చేతిలెక్కల కాలంలోనే, 1929 నాటికి, నిరూపించారు. దానికి పై మెట్టు 317 ఒకట్లది. అది ప్రధానమై ఉండవచ్చని 1966లో తోచినా, హ్యూ విలియమ్స్ నిరూపించే సరికి 1977 అయింది. 1031 ఒకట్ల సంఖ్య నిరూపణ 1986లో వచ్చింది. అటుపైన దూరం ఒక్కసారిగా పెరిగింది: 49,081 ఒకట్ల సంఖ్య 2022లో, 86,453 ఒకట్ల సంఖ్య 2023లో రుజువయ్యాయి. 2021లో కంప్యూటర్ల వేటలో దొరికిన 81,77,207 ఒకట్ల సంఖ్య ప్రధానమై ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇలాంటి విడదీయరాని ఒకట్ల హారాలు అనంతంగా ఉన్నాయా, ఎక్కడో ఒకచోట ఆగిపోతాయా అన్నది ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.